ఏడవడానికి వచ్చినవాళ్ళు

నాకు ముక్కు మీద కోపం. ఇంట్లో దాన్ని కోపమనే అనేవాళ్ళు, ఉద్యోగంలో చేరాక క్రమశిక్షణ అన్నారు. నర్సుగా నా మొదటి ఉద్యోగం ములకలపల్లి దాటి అడవిలోకి పోయే దారిలో, మిషన్ వాళ్ళ చిన్న దవాఖానాలో. రెండు గదులు, నాలుగు మంచాలు, ముందు ఒక పెంకుల వరండా. డాక్టరుగారు వారానికి రెండు రోజులు వచ్చేవారు. మిగిలిన రోజుల్లో సూది వేసేది నేనే, మందులిచ్చేది నేనే, ఆదివారం సండే స్కూల్లో పిల్లలకు పాఠం చెప్పేదీ నేనే. రెండు వేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్ళు అయి ఉంటుంది. ఆ వరండాలో ఒక మధ్యాహ్నం జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది. అది చెప్పాలంటే ముందు నా గురించి కొంత చెడ్డగా చెప్పుకోవాలి.

చుట్టుపక్కలవన్నీ కోయవాళ్ళ ఊళ్ళు. జ్వరం వచ్చిన నాలుగో రోజుకో ఐదో రోజుకో మా దగ్గరికి వచ్చేవాళ్ళు. ఎవరొచ్చినా నా నోట మొదటి మాట ఒకటే, "ఇన్ని రోజులు ఏం చేస్తున్నారు?" పేరు అడగడం ఆ తర్వాత. నన్ను చూడగానే ఆడవాళ్ళు తల దించుకునేవాళ్ళు, నేనది గౌరవమనుకున్నాను. మా ఆయా ఆ ఊళ్ళ మనిషే. కోయ భాష, తెలుగు రెండూ వచ్చు. నేను కసిరిన ప్రతి మాటనూ సగానికి తగ్గించి వాళ్ళకు చెప్పేదని నాకు చాలా కాలానికి తెలిసింది.

ఒక వానాకాలం పొద్దున్నే ఒక తల్లి తన పాపను భుజాన వేసుకొని వచ్చింది. తల్లికే ఇరవై ఏళ్ళు దాటి ఉండవు. పాపకు రెండేళ్ళుంటాయి. మలేరియా తలకెక్కి ఫిట్స్ వస్తున్నాయి. వెంట ముగ్గురు నలుగురు ఆడవాళ్ళు, అందరూ నడుము దాకా తడిసి ఉన్నారు. నా చేతులు చేయవలసిన పని చేస్తూనే ఉన్నాయి. సెలైన్ పెట్టాను, ఇంజక్షన్ ఇచ్చాను, పాల్వంచకు తీసుకుపోవడానికి జీపు కోసం ఫోన్ చేయించాను. నోరు మాత్రం ఊరుకోలేదు. "నాలుగు రోజుల జ్వరం, ఇప్పుడా తెచ్చేది? కనడం చేతనైంది గానీ చూసుకోవడం చేతకాదా?" అన్నాను. ఆమె నా వంక చూడలేదు. పాప పాదాలు రెండూ పట్టుకొని నిలబడింది. జీపు రాకముందే పాప పోయింది.

ఆ తల్లి గొంతెత్తింది. వెంట వచ్చినవాళ్ళూ ఎత్తారు. పక్క గదిలో ఆ రోజే కాన్పయిన బాలింత నిద్రపోతోంది. నేను తలుపు దగ్గర నిలబడి చెయ్యి చూపించాను. "ఏడుపులు బయట. ఇక్కడ పేషెంట్లున్నారు." వాళ్ళు పాపను చీరలో చుట్టుకొని వానలోకి దిగారు. వరండాలో కూడా ఆగలేదు. బయట అంటే వరండా కూడా దాటాలని అనుకున్నారు కాబోలు. నేను వాళ్ళను ఆపలేదు. చేతులు కడుక్కొని, చీటీ మీద "ఆడపిల్ల, రెండేళ్ళు" అని రాసి, టైము వేశాను.

సాయంత్రం ఆయా దుప్పట్లు మడతపెడుతూ చెప్పింది.

"ఆళ్ళు రెండు దినాలు వాగు ఒడ్డునే కూసున్నరంట సిస్టరమ్మా. నీళ్ళు తగ్గలే. ఇయ్యాల పానాలకు తెగించి దాటిన్రు."

"అలాగా" అని సూదుల ట్రే సర్దుకున్నాను.

ఆ ఆదివారం కూడా మామూలుగానే సండే స్కూలు నడిపాను. కనికరం మీద నా పాఠం బాగుంటుందని పేరు. దొంగల చేతిలో దెబ్బలు తిని దారిలో పడి ఉన్నవాడి కథ చెప్పి, చూసీ చూడనట్టు పక్కనుంచి తప్పుకుపోయిన యాజకుణ్ణి పిల్లల చేత బాగా తిట్టించేదాన్ని. తర్వాత కంఠత వాక్యం. అందులో పిల్లలు గడుసువాళ్ళు. ఎప్పుడు అడిగినా బైబిలు మొత్తంలో అన్నిటికంటే చిన్న వాక్యాన్నే ఎంచుకునేవాళ్ళు. స్నేహితుడి సమాధి దగ్గర యేసు ఏడ్చాడని చెప్పే వాక్యం అది, రెండు మూడు మాటల్లో అయిపోతుంది. "మీకు ఇది తప్ప ఇంకోటి రాదా?" అని బెంచీ ఎక్కించేదాన్ని. ఆ రోజు బెంచీ ఎక్కిన ఒక పిల్ల అడిగింది, "కొంచెం సేపయితే ఆ సచ్చిపోయినాయన్ను యేసే బతికిస్తడు గద టీచరమ్మా, మరి ఎందుకు ఏడ్చిండు?" దానికి జవాబు నాకు తెలియదు. ముందు పెద్ద వాక్యం నేర్చుకొని రా, ప్రశ్నలు తర్వాత అన్నాను.

మరుసటి ఎండాకాలం మా అమ్మ పోయింది. మాది ఎర్రుపాలెం దగ్గర పల్లె. అమ్మ మిరప చేలల్లో కూలికి పోయి నన్ను నర్సింగ్ చదివించింది. దవాఖానాకు ఫోన్ వచ్చాక బస్సెక్కి ఖమ్మం, అక్కడి నుంచి మధిర, మళ్ళీ ఆటో పట్టుకొని నేను చేరేసరికి నా కోసమే పెట్టె మూత వేయకుండా ఉంచారు. అమ్మ ముఖం చూశాను. వేళ్ళ సందుల్లో మిరపకాయల ఎరుపు ఇంకా పోలేదు. నాకు ఏడుపు రాలేదు. "ఏడవకమ్మా, ప్రభువు దగ్గరికి పోయింది" అని సంఘం వాళ్ళు ఓదార్చారు. నేను ఏడిస్తే కదా. ఆ మాట మాత్రం నాకు బాగా పనికొచ్చింది. నా విశ్వాసం గట్టిదని పాస్టరుగారు నలుగురిలో మెచ్చుకున్నారు. మా పిన్ని ఒక్కతే నా ముఖంలోకి చూసి, "రాయివే నువ్వు" అంది.

ఆ మాటకు నాకు నిజంగా భయమేసింది. చావులు చూసి చూసి నాలో ఏదో ఎండిపోయిందని, కన్నతల్లికి కూడా చుక్క మిగల్లేదని అనిపించింది. స్నానానికి పోయినప్పుడు తలుపేసుకొని ఏడవాలని చూశాను. రాలేదు. ఐదో రోజు తిరిగి వచ్చి డ్యూటీలో చేరాను. ఆయాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాతి పది రోజుల్లో పేషెంట్లను కసరడం ఇంకా ఎక్కువైంది.

ఒక మధ్యాహ్నం, ఎండ మండిపోతుండగా, ఓపీ మూసి తాళం వేయబోతుంటే ఏడుగురు ఆడవాళ్ళు వచ్చి వరండాలో కూర్చున్నారు. అందరికంటే ముందున్నది, వానాకాలంలో పాప పోయిన ఆ తల్లి. పోల్చుకున్నాను గానీ పోల్చుకోనట్టే ఉన్నాను. ఆయా అన్నానికి ఇంటికి పోయింది.

"ఓపీ అయిపోయింది. రేపు పొద్దున రండి."

ఎవరూ కదల్లేదు. ఏమైందని అడిగితే ఆమె ఏదో చెప్పబోయి ఆగింది. పెదవులు వణుకుతున్నాయి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చలిజ్వరం అనుకున్నాను. గ్లాసుతో మంచినీళ్ళు ఇస్తే తాగకుండా పక్కన పెట్టింది. అంత ఎండన పడి వచ్చి నీళ్ళు కూడా వద్దంటోందంటే జ్వరం గట్టిదే అనుకొని, ఆమె నోట్లో థర్మామీటర్ పెట్టాను.

ఇది గుర్తొస్తే సిగ్గేస్తుంది, కాస్త నవ్వూ వస్తుంది. నేను ఆమె మణికట్టు పట్టుకొని వాచీ చూస్తూ నాడి లెక్కపెడుతున్నాను. ఆమె నోట్లో థర్మామీటరుతో బుద్ధిగా కూర్చుంది, కళ్ళ నుంచి నీళ్ళు కారిపోతున్నాయి. మిగతా ఆరుగురూ నా పని అయ్యేదాకా ఓపిగ్గా చూస్తున్నారు. "ఒళ్ళు నొప్పులా?" అని అడిగాను. ఆమె థర్మామీటర్ తీసి, కొంగుతో తుడిచి, పగిలిపోతుందేమోనని రెండు చేతులతో నాకు అందించింది. తర్వాత నా గడ్డం పట్టుకుంది. నుదురు నా భుజానికి ఆనించి గొంతెత్తింది.

అదే గొంతు. వానలోకి నేను పంపించిన గొంతు. మిగతావాళ్ళు లేచి వచ్చి నా చుట్టూ చేరి అందుకున్నారు. ఆ చప్పుడు విని ఆయా పరుగున వచ్చింది.

"ఏమైంది వీళ్ళకు? ఎవరు పోయారు?" అని అడిగాను.

"మీ అమ్మ పోయింది గద సిస్టరమ్మా. నేను సంతల చెప్పిన. ఏడ్వనీకి వచ్చిన్రు."

"మా అమ్మను వీళ్ళు ఎన్నడూ చూడలేదే."

"సూసుడేంది? మీకు అమ్మనే గద" అంది ఆయా, నేనేదో తెలివితక్కువ మాట అన్నట్టు. "చావు ఇన్నంక ఆ ఇంటి మనిషిని పట్టుకొని ఏడ్సెదాక ఈ ఊర్లల్ల నీళ్ళు గూడ ముట్టరు. పొద్దుగాల ఎప్పుడనంగ బయలెల్లిన్రో ఏమో."

"ఆమె ఏమంటోంది?"

ఆయా కాసేపు విన్నది. "మీ అమ్మను అడుగుతున్నది. నీ బిడ్డ ఈ అడవిల ఒక్కతే ఉన్నది, అలిసొస్తే అన్నం పెట్టెటోళ్ళు లేరు, ఎవర్ని సూసుకొని ఇడిసిపోయినవ్ అంటున్నది." ఆ ఒక్కసారి ఆయా ఏ మాటనూ సగానికి తగ్గించలేదనుకుంటాను.

నేను ఎన్నో ప్రార్థనా కూటాలకు పోయాను, గంటల తరబడి మోకాళ్ళ మీద ఉన్నాను. భయభక్తులంటే ఏమిటో ఆ పెంకుల వరండాలో తెలిసింది. ఈమె బిడ్డ కోసం ఏడుస్తుంటే నేను ఏడవనివ్వలేదు. ఆమె ఆ బాటే మళ్ళీ నడిచి, అదే గుమ్మానికి వచ్చి, నాకు రాని ఏడుపు నా కోసం ఏడుస్తోంది. క్షమించానని అనలేదు. నన్ను సిగ్గుపడేలా చేయాలనీ లేదు. ఒక మనిషి ఇంత పని చేయగలదా అని ఆమె తల వంక చూస్తూ ఉండిపోయాను. నా ఎదుట ఉన్నది నాకంటే చాలా పెద్దదని తెలుస్తోంది, చెప్పులు విప్పి నిలబడాలనిపించింది.

బెంచీ ఎక్కించిన పిల్ల అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. లేపబోయేవాడు ఎందుకు ఏడ్చాడంటే, పక్కన ఆ స్నేహితుడి అక్కచెల్లెళ్ళు ఏడుస్తున్నారు కాబట్టి. అంతే. కాసేపట్లో అంతా బాగవుతుందని తెలిసినా ఆయన ముందు వాళ్ళతో కూర్చున్నాడు. ఆ వాక్యం ఎన్నడూ వినని ఏడుగురికి అది తెలుసు. దాన్ని కంఠత పెట్టించే నాకు తెలియదు.

అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. అమ్మా అని పైకే ఏడ్చాను. ఎంతసేపు ఏడ్చానో తెలియదు గానీ, నేను రాయిని కాదని తెలిసి ప్రాణం కుదుటపడింది. గదిలో మంచాల మీద పేషెంట్లున్నారు. ఎవరూ ఏమీ అనలేదు.

ఏడుపు సద్దుమణిగాక ఆయా కుండలోంచి అందరికీ నీళ్ళు ముంచి ఇచ్చింది. వాళ్ళు కొంగులతో ముఖాలు తుడుచుకొని తాగసాగారు. ఆ తల్లి తన పక్కనున్న గ్లాసు చేతిలోకి తీసుకుంది.

"మీ పాప పేరేంది?" అని అడిగాను.

ఆమె చెప్పింది. చీటీ మీద నేను రాయని పేరు. దాన్ని ఒకసారి పైకి అన్నాను. చెయ్యి చాపి ఆమె గడ్డం పట్టుకున్నాను. వాళ్ళలా ఏడుపు ఎలా మొదలుపెట్టాలో నాకు తెలియదు. ఆ పేరే మళ్ళీ అన్నాను.

ఆమె నోటిదాకా తెచ్చిన గ్లాసును తాగకుండా మళ్ళీ కింద పెట్టింది.