చూపులేని తాతకు తోటకాపలా

మా ఇంట్లో ఆ రోజుల్లో ఉద్యోగం అనే మాట గట్టిగా అనేవాళ్ళం కాదు. మా అన్న వింటాడని భయం. అన్న ఎస్సెల్సీ ప్యాసయ్యాడు, నెల్లూరులో ఉండి టైపు నేర్చుకున్నాడు, ఆ తర్వాత ఇంటికొచ్చి వసారాలో మంచం మీద కూర్చున్నాడు. అంతే, మళ్ళీ లేవలేదు. కోట అనే ఊరికి దగ్గర్లో మాకు కాస్త మాగాణి ఉండేది. అయినా చదువుకున్న పిల్లవాడు మడిలో దిగితే నలుగురూ నవ్వుతారని అమ్మ దిగనిచ్చేది కాదు. గేదెకు గడ్డి వేయబోయినా చేతిలోంచి లాక్కునేది. పాపం వాడికి మిగిలిన పనల్లా పేపరు చదవడం, దరఖాస్తులు పంపడం, తపాలా బంట్రోతు కోసం వీధి వైపు చూడడం.

ఈలోగా ఉద్యోగం నాకొచ్చి పడింది. పంచాయతీ సమితులు కొత్తగా పెట్టిన కాలం. గ్రామసేవికలు కావాలన్నారు, వెళ్ళాను, తీసుకున్నారు. ఆ రోజు అమ్మ ముఖం చూసి తీరాలి. నవ్వాలో ఏడవాలో ఆవిడకే తెలియలేదు. "అన్నకు రావలసింది దీనికొచ్చిందే" అని పొయ్యి దగ్గర గొణుక్కుంది. నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. కొన్నాళ్ళు ఆవిడతో మాట్లాడడం మానేశాను.

నా పని సముద్రం వైపు పల్లెలు తిరగడం. ఒక పల్లెకు ఎడంగా, ఉప్పుకాలవ ఒడ్డున ఇసుకలో, యానాదుల గుడిసెలు కొన్ని ఉండేవి. అంతకు కొన్నేళ్ళ ముందు దాకా వాళ్ళను పుట్టుదొంగల కింద జమకట్టేవారట. ఊళ్ళో ఏం పోయినా ముందు వాళ్ళ గుడిసెలే సోదా చేసేవారట. ఆ చట్టం పోయింది గానీ ఊరివాళ్ళ చూపు మారలేదు. వాళ్ళకు భూమి లేదు, పడవ లేదు, చాలామందికి వల కూడా లేదు. రైతులు కోతలకు పిలిస్తే పని, లేకపోతే లేదు. కాలవలో దిగి బురదలో చేతులతో తడిమి చేపలు, పీతలు పట్టేవాళ్ళు. పొలం గట్ల మీద కలుగులకు పొగపెట్టి ఎలుకలు పట్టేవాళ్ళు. అది చాలని రోజుల్లో ఆదుకునేవి సర్కారు వాళ్ళు నెలనెలా ఇచ్చే నూకలు. నేను అక్కణ్ణించి ఇంటికి వస్తే బావి దగ్గర తలమీద నీళ్ళు గుమ్మరించుకున్నాకే అమ్మ గడప తొక్కనిచ్చేది.

మా బ్లాకుకు కొత్తగా ఒక ఆఫీసరు గారు వచ్చారు. మంచివాడే. మంచి చేయాలన్న తొందర ఎక్కువ. నన్ను పిలిచి, "ఊరికే పెడితే మనుషులు సోమరులైపోతారమ్మా. ఇకమీదట పని ఇద్దాం. పని చేసినవాడు తింటాడు" అన్నారు. ఆయన ఆ మాటలు చెబుతున్నంతసేపూ వెనక బంట్రోతు నిలబడి విసనకర్రతో విసురుతూనే ఉన్నాడు.

ఆయన ఏర్పాటు ఇది. ఊరిమీదికి ఇసుక కొట్టుకురాకుండా దిబ్బల వెంట సరుగుడు మొక్కలు నాటించారు. వాటికి నీళ్ళు పోసి, మేకలు మేయకుండా కాయడానికి ఒక మనిషి కావాలి. ఆ ఉద్యోగం యానాదుల్లో ఒకరికి ఇస్తారు. నెలజీతం, ఖాకీ చొక్కా. నూకలు మాత్రం అందరికీ ఆపేస్తారు. ఎండాకాలం గడిచేదాకా మొక్కలు బతికితే మరికొన్ని ఉద్యోగాలు వస్తాయి, చచ్చిపోతే ఉన్న ఒక్కటీ పోతుంది. "గట్టివాణ్ణి చూసి పెట్టండి" అని మరీ చెప్పారు.

ఈ కబురు నేనే మోసుకెళ్ళాను. ఆ గుడిసెలకు పెద్ద ఒక అవ్వ. నేను చెప్పిందంతా విని, నూకలు ఆగిపోతున్నాయనే మాట దగ్గర ఒక్కసారి కళ్ళు మూసి తెరిచింది. "రేపొచ్చి కనుక్కో అమ్మణ్ణీ" అంది. దారి పొడుగునా నాకు ఒకటే దిగులు. ఒక్క ఉద్యోగం, ఇంతమంది మనుషులు. మా బంధువుల్లో ఒక బంట్రోతు పని ఖాళీ అయిందంటే అన్నదమ్ములు పలకరింపులు మానుకున్న సంగతి నాకు తెలుసు. వీళ్ళు కర్రలు పట్టుకుంటారేమో అనుకున్నాను.

మర్నాడు వెళ్ళేసరికి కర్రలూ లేవు, కొట్లాటలూ లేవు. ఒక ముసలాయన్ను చెయ్యిపట్టి నడిపించుకుని తెచ్చి నా ముందు నిలబెట్టారు. ఆయనకు రెండు కళ్ళూ లేవు. అమ్మవారు పోసినప్పుడు చిన్నతనంలోనే పోయాయట.

"ఈయనే అమ్మణ్ణీ, మీ కాపలా మనిషి" అంది అవ్వ.

నాకు ఒళ్ళు మండింది. "ఏంది అవ్వా, నాతో ఎగతాళా? గట్టోణ్ణి పెట్టమంటే చూపులేని తాతని తెస్తారా?"

అవ్వ నన్ను వింతగా చూసింది. "గట్టోళ్ళకి జీతమెందుకు? కళ్ళుండేటోళ్ళకి కాలవుండాది. కాళ్ళుండేటోళ్ళకి పొలాల్లో కలుగులుండాయి. ఈయనకేముండాది చెప్పు? ఇన్నాళ్ళూ మీ నూకలుండె. అయ్యి మీరే ఆపేస్తిరి."

అందులో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికాను. లేదు. పొద్దున సూర్యుడు వస్తాడన్నంత మామూలుగా చెప్పింది. మొక్కలకు నీళ్ళెవరు పోస్తారని అడిగితే, "మేం లేమా?" అని నన్నే ఎదురడిగింది. ఆఫీసరు గారు ఇంత ఇసుకలో ఎప్పుడొస్తారులే అని ధైర్యం చెప్పుకుని ఆ తాతనే నిలబెట్టాను.

ఆ ఎండాకాలమంతా నేను చూసింది ఇప్పటికీ కనిపించినవాళ్ళకల్లా చెబుతుంటాను. ఇసుకలో గొయ్యి తీస్తే ఊరే నీటిగుంటను అక్కడ దొరువు అంటారు. తెల్లవారక ముందే ఆడా మగా కాలవకు పోతూ పోతూ ఆ దొరువు దగ్గర ఆగేవాళ్ళు. ఎవరికి దొరికిన కుండతో వాళ్ళు నీళ్ళు ముంచి తలా ఒక వరస తడిపి, ఆ తర్వాత తమ తిండి వెతుక్కుంటూ వెళ్ళిపోయేవాళ్ళు. ఎవరూ ఎవరికీ చెప్పేవాళ్ళు కాదు. నిండు చూలాలు కూడా సగం కుండతో వచ్చేది. ఆ నీళ్ళకు వాళ్ళకు వచ్చేదేమీ లేదు. జీతం తాతది.

తాత ఖాకీ చొక్కా తొడుక్కుని దిబ్బ మీద కూర్చునేవాడు. అదేదో ఆయనకు చెవులతోనే అంతా తెలిసిపోయేదని మీరనుకునేరు. ఏమీ లేదు. మేకలు వస్తే కాలవలో ఉన్నవాళ్ళెవరో చూసి కేకపెట్టేవాళ్ళు. ఆయన కర్ర పుచ్చుకుని ఆ కేక వచ్చిన వైపుకే పరిగెత్తేవాడు. మేకలు ఇంకో వైపు ఉండేవి. మొత్తం గుడిసెలన్నీ నవ్వి, ఎవరో ఒకరు బురదకాళ్ళతో వచ్చి మేకలను తోలిపోయేవాళ్ళు. తాత కూడా నవ్వేవాడు. నెల నిండి జీతం డబ్బులతో బియ్యం ఇంటికొచ్చిన సాయంత్రం మాత్రం ఆయన గుడిసె ముందే అందరికీ గంజి కాగేది. పిల్లలకు ఆయనే తడుముకుంటూ వడ్డించేవాడు. అప్పటిదాకా ఒకరు పెడితే తిన్న మనిషి.

ఇది ధర్మం చేయడం కాదు. ధర్మం చేసేవాళ్ళ ముఖం ఎలా ఉంటుందో నాకు తెలుసు, మా వాళ్ళు చేస్తుంటే చూశాను. వీళ్ళ ముఖాల్లో అదేమీ లేదు. నేను గట్టు మీద నిలబడి నోరు తెరుచుకుని చూసేదాన్ని.

ఎండలు తగ్గుముఖం పట్టాక ఆఫీసరు గారు రానే వచ్చారు. జీపు ఇసుకలో దిగబడింది. యానాదులే కాలవలోంచి వచ్చి, ఎవరూ అడగకుండానే భుజాలు ఆనించి పైకి తోశారు. మొక్కలు మోకాలెత్తు లేచి పచ్చగా ఉన్నాయి. ఆయన ముఖం వెలిగిపోయింది. "చూశారామ్మా, పని ఇస్తే ఎలా ఉంటుందో! ఏడీ మన కాపలావాడు?"

తాత కర్ర పొడుచుకుంటూ ముందుకొచ్చి, జీపు వైపు తిరిగి దండం పెట్టాడు. ఆఫీసరు గారు నిలబడింది ఇటువైపు.

ఆయనకు విషయం అర్థమయ్యేసరికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక నా మీద మండిపడ్డారు. "చూపులేనివాడికి కాపలా ఉద్యోగమా? రేపు పైవాళ్ళు వస్తే నేనేం చెప్పుకోను?" అని, అక్కడున్న వయసు కుర్రాళ్ళలో కండగలవాణ్ణి చూసి, "నువ్వు రా. రేపణ్ణించి ఈ పని నీది" అన్నారు.

వాడు వెనక్కి తగ్గాడు. "నాకొద్దు సామీ. తాత కూడు నేను తింటే నన్ను మనిషంటారా?"

ఇంకొకణ్ణి పిలిచారు. వాడూ తల అడ్డంగా ఊపాడు. మూడోవాడు అసలు ముందుకే రాలేదు. ఇలాంటి ఉద్యోగం కోసం ఊళ్ళో మనుషులు ఆయన ఇంటిముందు పొద్దున్నే నిలబడేవాళ్ళు. ఇక్కడ పిలిచి ఇస్తుంటే పుచ్చుకునే దిక్కులేదు. ఆయన నావైపు తిరిగారు. "మీ అన్నగారు చదువుకుని ఖాళీగా ఉన్నారని బంట్రోతు చెప్పాడు. ఆయనకు వేద్దాం. కాపలా అనొద్దు, సూపర్వైజర్ అందాం."

వసారాలో మంచం కళ్ళముందు కదిలింది, అమ్మ ముఖం కదిలింది. తాత అక్కడే కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ పని పోతే ఆయనకు నూకలు కూడా లేవు.

అవ్వ నా దగ్గరికొచ్చింది. "నీకు అన్నుండాడా అమ్మణ్ణీ? ఏం చేస్తాడు?"

"ఇప్పుడేం లేదవ్వా."

"చేపలు పడతాడా?"

"లేదు."

"దున్నతాడా? తాటిచెట్టెక్కతాడా?"

"లేదవ్వా. చదువుకున్నాడు."

అవ్వ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వెనక్కి తిరిగి తనవాళ్ళతో మెల్లగా, "అయ్యో, ఆ బిడ్డకి చూపుండీ ఏమీ రాదంట" అంది. ఆడవాళ్ళు నావైపు జాలిగా చూశారు. ఇంతలో తాత గొంతు సవరించుకున్నాడు.

"అట్టయితే ఆ పిల్లోడికే ఇయ్యండి సామీ. నాకు ఈళ్ళంతా ఉండారు. ఆయనకెవురుండారు? ఒక్క చెల్లెలు గదా."

"నీళ్ళు మేమే పోస్తాంలే అమ్మణ్ణీ" అంది అవ్వ నా భుజం మీద చెయ్యివేసి. "అన్నని ఎండలో కష్టపడొద్దని చెప్పు."

వాళ్ళు నిజంగానే అన్నారు. తాత అప్పుడే చొక్కా గుండీలు విప్పుకుంటున్నాడు కూడా. నాకు ఏడుపొచ్చేసింది. అంతమంది ముందు, ఆఫీసరు గారి ముందు, సిగ్గు లేకుండా ఏడ్చాను. "మా అన్నకొద్దు సార్" అని మాత్రం అనగలిగాను. ఆయన ఆ పచ్చటి వరసల వెంట చివరిదాకా నడిచి వచ్చారు. ఆ తర్వాత, "మొక్కలు బతికాయి కదా. ఆయన్నే ఉండనీయండి" అని జీపెక్కారు. ఇచ్చిన మాట నిలబెట్టుకుని మరుసటేడు మరో రెండు ఉద్యోగాలు ఇప్పించారు. వాటిని ఒక కుంటి ఆవిడకూ, క్షయతో మంచానపడి లేచిన ఒక మనిషికీ కట్టబెట్టారు ఆ గుడిసెలవాళ్ళు. ఆఫీసరు గారు ఈసారి అడ్డు చెప్పకుండా ఒప్పుకున్నారు. నూకలు మాత్రం మళ్ళీ రాలేదు.

ఇంట్లో నేనేమీ చెప్పలేదు. ఎలా చెప్పను? కానీ ఆ వారంలోనే ఒక పొద్దున యానాది ఆడమనిషి ఒకామె మా వాకిలి బయట నిలబడి పిలిచింది. చేతిలో తాటాకు బుట్ట, అందులో కాళ్ళు కట్టేసిన పీతలు.

"అవ్వ పంపింది" అంది, వసారా వైపు చూస్తూ. "పని రాని అన్నకంట."

అమ్మ గుమ్మంలో బిగుసుకుపోయింది. నేను అన్న ముఖం చూడలేకపోయాను. అన్న మంచం మీంచి లేచాడు. వాకిలి దాటి వెళ్ళి, రెండు చేతులూ చాచి ఆ బుట్ట అందుకున్నాడు. ఆ రోజు అమ్మ పీతలపులుసు పెట్టింది. అన్న తలెత్తకుండా తిన్నాడు.

సూళ్లూరుపేటలో ఒక కొట్లో గుమాస్తాగా కుదిరేదాకా అన్నకు వారం వారం ఆ బుట్ట వస్తూనే ఉంది. తాత వాటా, కుంటి ఆవిడ వాటా తీసినట్టే వాడి వాటా కూడా తీసి పంపేవాళ్ళు. మధ్యలో ఒకసారి వాయుగుండం పట్టి వాన విడవకుండా కురిసింది. కాలవ పొంగి ఎవరూ దిగలేకపోయారు, గుడిసెల్లో పొయ్యి వెలగలేదని ఊళ్ళో చెప్పుకున్నారు. ఆ వారం కూడా తడుస్తూ ఒకామె వచ్చింది. బుట్టలో వేలెడు చేపలు రెండే ఉన్నాయి. అమ్మ ఆమెను చెయ్యిపట్టి లోపలికి తీసుకొచ్చి, పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, ముందు ఆమెకు అన్నం పెట్టింది.