ఉడకబెట్టిన గులకరాళ్ళు

ఆ వీధిలో లాండ్రీ పెద్దమ్మ చేతికి చిక్కి బతికి బట్టకట్టిన మరక లేదు. సిరా అయినా, తుప్పయినా, ఇంజను నూనె అయినా ఆమె మోచేతి కింద రాలిపోవాల్సిందే. ముందుగదిలో ఇస్త్రీ బల్ల, మధ్యగదిలో బట్టలు ఉడికించే గంగాళం, వెనకాల నాలుగు గోడల మధ్య అరచేయంత పెరడు. ఆ పెరట్లోనే ఆమె మొగుడి సిమెంటు తొట్టి ఉండేది.

ఇస్త్రీ బట్టలు ఇళ్ళకు చేరవేయడం అతని పని. మెతక మనిషి. పొద్దున్నే తొట్టి గట్టు మీద కూర్చున్నాడంటే చేతిలో టీ చల్లారినా లేచేవాడు కాదు. అడుగున బురద, దాని మీద గులకరాళ్ళు, నాచు, నత్తలు, నీటిమొక్కలు, మూడు నారింజరంగు చేపలు. వాటిలో లావుపాటిదానికి ‘మామగారు’ అని పేరు పెట్టాడు.

“మా నాన్న నిన్నేం చేశాడయ్యా?”

“ఏమీ చెయ్యలేదనే పెట్టానే. ఇదీ అంతేగా, తిని తొంగుంటుంది.”

“ఆ పాచంతా కడిగి పారెయ్యకూడదూ? చూస్తుంటే ఒళ్ళు జలదరిస్తోంది.”

“పాచి కాదే పిచ్చిదానా, కాపురం. చేప విసర్జించింది బురద తింటుంది. బురదిచ్చింది మొక్క తింటుంది. మొక్క వదిలిన గాలి చేపకి ఊపిరి. రాయి పనీపాటా లేకుండా కూర్చున్నట్టుంటుంది గానీ, కంటికి ఆనని జనం దాని ఒంటి మీదే ఉంటారు. పైనుంచి పడే ఆ ఎండ కూడా ఇంటిమనిషే.”

“సరేలే, నువ్వూ నీ కాపురమూ! ముందు ఆ చొక్కాలు మడతపెట్టు.”

ఒక వానాకాలం ఊపిరితిత్తుల జబ్బు అతన్ని తీసుకుపోయింది. కొన్నాళ్ళకు పక్కవీధిలో ఉండే ఆడపడుచు, సైకిళ్ళు బాగుచేసేవాడి పెళ్ళాం, వచ్చి గుమ్మంలో నిలబడింది.

“వదినా, అన్నయ్య తొట్టి నాకిచ్చెయ్యి. నీకెలాగూ గిట్టదుగా.”

“మీ అన్న మంచాన ఉన్నన్నాళ్ళూ తొంగిచూడనిదానివి, ఇప్పుడు చేపల మీద పుట్టుకొచ్చిందా ప్రేమ?”

నిజానికి ఆడపడుచు వచ్చి చూసింది, రెండుసార్లు. పెద్దమ్మకూ అది తెలుసు. కోపంలో నోరు లెక్క చూసుకోదు కదా. ఆనాటితో ఇద్దరికీ మాటల్లేవు.

తొట్టి తన దగ్గర ఎంత దర్జాగా ఉందో ఊరంతా చూడాలనుకుంది పెద్దమ్మ. చేపల్ని బకెట్లోకి తీసి, బురదంతా ఎత్తి కాలవలో పోసింది. నత్తలూ మొక్కలూ దాని వెంటే పోయాయి. గోడల్ని పీచుతో తోమింది. గులకరాళ్ళను గంగాళంలో వేసి, దుప్పట్లను ఉడికించినట్టు ఉడికించి, తెల్లగుడ్డ మీద ఎండబెట్టింది. కొత్త నీళ్ళు పోసేసరికి తొట్టి గాజుగ్లాసులా మెరిసింది. ‘నీ ఇల్లు కడిగి పెట్టాను, చూసుకో’ అనుకుంది మొగుణ్ణి తలుచుకుని.

వారం తిరక్కుండానే నీళ్ళు కడుగునీళ్ళలా తెల్లబారాయి. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరవసాగాయి. మళ్ళీ నీళ్ళు మార్చింది. ఒక చేప వెల్లకిలా తేలింది. మామగారు గట్టుకు ఆనుకుని గుటకలు వేస్తున్నాడు. చివరి రోజుల్లో మొగుడూ అలాగే నోరు తెరిచి గాలి కోసం వెతుక్కున్నాడు. ఇవి కూడా పోతే అతని ఊపిరి తగిలినది ఆ ఇంట్లో ఇంకేదీ మిగలదు.

ఆడపడుచు ఇంట్లో పాత స్నానాల తొట్టి ఒకటుంది. అన్న బతికుండగా తన తొట్టిలోంచే బురదా మొక్కలూ తెచ్చి దాన్ని నింపి ఇచ్చాడు. పెద్దమ్మ కొంగు బిగించి, బకెట్టు పట్టుకుని బయల్దేరింది.

“ఏం వదినా, దారి తప్పావా?”

“బురద కావాలి.”

“ఏంటీ?”

“చెవుడొచ్చిందా? బురద. ఒక బకెట్టు.”

“ఊరందరి మురికీ వదలగొట్టేదానివి, మురికి కోసం నా గుమ్మమెక్కావా!”

“రాళ్ళు ఉడకబెట్టానే అమ్మాయ్.”

“రాళ్ళా? ఉప్పు సరిపోయిందా మరి?” అని పకపకా నవ్వబోయిన ఆడపడుచు, వదిన ముఖం చూసి ఆగిపోయింది. “ఎన్ని పోయాయి?”

“ఒకటి. మీ అన్న మామగారింకా ఉన్నాడు. నిన్ను నోటికొచ్చినట్టు అన్నాను. అది తర్వాత తిడుదువుగానీ, ముందు ఇది ఇవ్వు.”

ఆడపడుచు మోచేతుల దాకా తొట్టిలో ముంచి బురద తోడింది. పాచిపట్టిన రాళ్ళు, నత్తలు, వేళ్ళతో సహా మొక్కలు తీసింది. ఆ పాత నీళ్ళు కూడా బిందెలకెత్తింది. చంకన చెరో బిందె పెట్టుకుని, బకెట్టును చెరో పక్క పట్టుకుని వీధివెంట మోసుకొస్తుంటే దర్జీ కేకేశాడు.

“పెద్దమ్మా, చీర అంచంతా బురదేనే!”

“నీ కళ్ళు నీ సూది మీద పెట్టుకోరా!”

తెల్లగా తళతళలాడే తొట్టి మళ్ళీ కుడితిలా అయింది. ఆ రోజు చేపలు కిందికి దిగలేదు. మర్నాడూ దిగలేదు. ఆడపడుచు పూటపూటా వచ్చి గట్టు మీద కూర్చునేది. చిన్నప్పుడు వాళ్ళన్న చొక్కాజేబులో కప్పపిల్లల్ని వేసుకుని పాఠాలు వినేవాడని చెప్పింది. ఆ జేబు ఎన్నిసార్లు ఉతికితే శుభ్రపడి ఉంటుందోనని అడగబోయి, పెద్దమ్మ నోరు మూసుకుంది.

ఒక మధ్యాహ్నం గోడదాటి ఎండ తొట్టిలోకి దిగింది. మామగారు మెల్లగా తోక తిప్పి, మొక్కల సందులోంచి అడుగుకు జారి, ఒక రాతి పక్కన ఒరిగాడు. రెండోదీ వెనకే వెళ్ళింది.

“దిగాయే!” అంది ఆడపడుచు.

ముందుగదిలో ఎవరో బల్ల మీద తట్టారు. “పెద్దమ్మా, నా చొక్కాలయ్యాయా?”

“కాలేదు, రేపు రా!” అని అరిచింది పెద్దమ్మ, ఆ లాండ్రీ పెట్టాక మొట్టమొదటిసారి. ఆడపడుచు పక్కన గట్టు మీద జాగా చేసుకుని కూర్చుంది.