సీమంతం నాటి నడక

సాయంత్రం మదీనాగూడ దగ్గర క్యాబ్ ఆగినప్పుడల్లా, రోడ్డు పక్క పెనాల మీద కాలే జొన్నరొట్టెల వాసన అద్దం సందులోంచి లోపలికి వస్తుంది. నాకు ఆకలి పుట్టించని తిండి వాసన ప్రపంచంలో అదొక్కటే. ఆ వాసనకు సరళక్క గుర్తొస్తుంది.

సరళక్క మా టెస్టింగ్ టీముకు మేనేజరు. కరీంనగర్ మనిషి. మేడం అంటే ఒప్పుకునేది కాదు, అక్కా అనమనేది. కాకినాడ నుంచి వచ్చిన నాకు ‘అండీ’ లేనిదే మాట పూర్తికాదు. చాన్నాళ్ళు ‘అక్కండీ’ అని పిలిచి టీమంతటినీ నవ్వించాను.

నేను మొదటినుంచీ లావే. తూకం మిషనెక్కితే బరువు పెరిగినట్టూ పరువు తగ్గినట్టూ ఉండేది. మొదటిసారి కడుపు నిలవలేదు. లావు వల్లే అని డాక్టరమ్మ అనలేదు, చుట్టాలు అన్నారు. రెండోసారి నెల తప్పినప్పుడు, “ఇప్పుడు తగ్గాలని చూడకండి. మెల్లగా కొంచెం పెరిగితే చాలు. వేళకు తినండి, నడవండి” అందావిడ. అమ్మ ఫోనులో ఇద్దరి కోసం తినమనేది. భయంతో నేను ఒక్కరి కోసం తినడం కూడా మానేశాను. పొద్దున టీ, రాత్రి పల్చటి మజ్జిగ.

ఒకరోజు మీటింగులో కళ్ళు తిరిగాయి. సరళక్క క్యాంటీనుకు తీసుకెళ్ళి తన డబ్బా తెరిచింది. జొన్నరొట్టె, మెంతికూర పప్పు.

“పొద్దుగాల ఏం తిన్నవ్?”

“టీ తాగానండి.”

“టీతోని లోపలి బిడ్డ కడుపు నిండుతదా? సన్నగయ్యేతందుకు గిప్పుడే దొరికిందా నీకు?”

“మళ్ళీ మొదటిసారిలాగే అవుతుందేమోనని భయమండి.”

అక్క రొట్టె తుంచి నా ముందు పెట్టింది. “భయపడుకుంటనే తిను. కానీ తిను.”

ఆ రోజునుంచి వేళకు తిన్నాను. అయినా ఆరో నెల పరీక్షలో షుగర్ బయటపడింది. తిండితో, నడకతో అదుపులోకి రాకపోతే ఇన్సులిన్ తప్పదన్నారు. బిడ్డ మీద ప్రభావం ఉంటుందన్నారు. ఆ సంగతి అక్కకొక్కదానికే చెప్పాను. తరవాతి వారమే టీమువాళ్ళు ఆఫీసులో సీమంతం పెట్టారు. మా ఆఫీసు సీమంతమంటే ఒక్కొక్కరే వచ్చి నోట్లో మిఠాయి పెట్టి దీవించడం. పళ్ళెంలో మా ఊరి కాజాలు కూడా ఉన్నాయి, నామీద ప్రేమకొద్దీ తెప్పించినవి. వద్దనడానికి నోరు రాలేదు. నా నోరు తెరుచుకునేది తినడానికే కదా.

సరళక్క ముందుగా వచ్చి బొట్టు పెట్టి, పళ్ళెం పక్కకు జరిపింది.

“దీవెన నోట్లనే పెట్టాల్నా? పిల్లకు షుగరొచ్చింది. రోజుకొకరు అన్నం తిన్నంక దీనితోని జర నడువుండ్రి. అదే దీవెన.”

“శుభమా అని నోరు తీపి చేయకుండా ఎలాగండీ?” అన్నారెవరో.

“నేను కడుపుతోని ఉన్నప్పుడు షుగరొస్తే సిగ్గయ్యి ఎవ్వరికి చెప్పలే. అందరు పెట్టిన్రు, తిన్న. పక్కకు నడిచినోళ్ళు లేరు.”

నలుగురిలో నా సంగతి బయటపడినందుకు తల వంచుకున్నాను. ఆమె తన సంగతి కూడా బయటపెట్టిందని కాసేపటికి గానీ తట్టలేదు. కాన్పుతో పోయిన ఆమె షుగర్ కొన్నేళ్ళకు తిరిగొచ్చి, అప్పటికే కిడ్నీల దాకా పాకిందని మాకెవరికీ తెలియదు.

మర్నాటినుంచి రోజుకొకరు నాతో ఆఫీసు బిల్డింగు చుట్టూ నడిచారు. జీతం కంపెనీ ఇస్తే, కంపెనీ వీళ్ళిచ్చారు. షుగర్ అదుపులోకి వచ్చింది. పాప క్షేమంగా పుట్టింది.

సరళక్కకు డయాలసిస్ మొదలయ్యాక ఆమె పక్కన నేను నడిచాను. మొదట గేటు దాకా. తరవాత లిఫ్టు దాకా. చివరికి ఆమె మంచం నుంచి కిటికీ దాకా.

ఇప్పుడు టీములో ఎవరైనా కడుపుతో ఉన్నారని తెలిస్తే నేను మిఠాయి కొనను. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆ అమ్మాయి సీటు దగ్గరికి వెళ్ళి నిలబడతాను.

“పదండి, జర నడుద్దాం” అంటాను.

ఆ ‘జర’ నేను కాకినాడ నుంచి తెచ్చుకున్నది కాదు.