చెలమ మీద నేను రాసిన పొట్టి పోస్టు

నాకు ఆదివారం ఇంట్లో కూర్చోవడం చేతకాదు. ప్రొద్దుటూరులో ఇరవై ఏళ్లుగా బడిలో తెలుగు చెబుతున్నాను. వారానికి ఆరు రోజులు నల్లబల్ల ముందు నిలబడే కాళ్లు ఏడో రోజు బస్సెక్కమంటాయి. దూరాలు తిరిగేంత సెలవులూ లేవు, ఓపికా లేదు. అందుకని నా యాత్రలన్నీ పొద్దున పోయి సాయంత్రానికి తిరిగొచ్చేవే. జమ్మలమడుగు, పులివెందుల, వేంపల్లె, కమలాపురం. చూసింది ఇంటికొచ్చి రాసుకునేదాన్ని. నాలుగేళ్ల కిందట ఆ రాతల్ని బ్లాగులో పెట్టడం మొదలుపెట్టాను.

నా బ్లాగు చదివేవాళ్లను రెండు చేతుల వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులో సగం మంది తోటి టీచర్లు, వాళ్లదీ మొహమాటమే. గండికోట మీద నెల రోజులు కష్టపడి వ్యాసం రాస్తే "ఫోటోలు బాగున్నాయి మేడం" అన్నారు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. పైకి మాత్రం నవ్వాను.

మా బడిలో లెక్కలు చెప్పే అమ్మాయి ఒకతె ఉంది. చిన్నదైనా నోరు సూటి. ఒకరోజు మధ్యాహ్నం క్యారియర్ విప్పుతూ నాతో అంది.

"మేడం, మీరు పెండ్లి భోజనం వడ్డిస్తాండారు. జనానికి ఆకు ముందర కూర్చునే తీరిక యాడుంది? దోవన పోతా నోట్లో ఏసుకునేది ఏమన్నా పెట్టండి. అది రుచిగా ఉంటే వాళ్లే పంక్తికి వస్తారు."

అని నా ఫోన్ లాక్కుని ఒక యాప్ పెట్టి ఇచ్చింది. అందులో రెండు మూడు పెద్ద వాక్యాలు పట్టేన్ని అక్షరాలకు మించి రాయడానికి వీల్లేదు. పద్ధతి కూడా ఆమే నేర్పింది. తిరిగే రోజు, ఉన్న చోటునుంచే నాలుగైదు పొట్టి పోస్టులు పెట్టాలి. సోమవారం బ్లాగులో పెద్ద వ్యాసం వేసి, ఎక్కువ మంది చూసిన పోస్టు కింద దాని లింకు తగిలించాలి. ఎక్కడి సంగతో తెలిసేలా లొకేషన్ పెట్టాలి.

ఇదేం రాత అని మొదట చిరాకు పడ్డాను. ఒకసారి వేంపల్లెలో ఆటో ఎక్కి కూర్చున్నప్పుడు ఊరికే ఇలా రాశాను: "వేంపల్లెలో షేర్ ఆటో నిండేదాకా కదలదు. ఇప్పుడు నిండింది. డ్రైవరు టీ తాగడానికి పోయాడు." ఇంటికి వచ్చేసరికి అది వందల మంది చూశారు. తరవాత వారం పులివెందుల బస్టాండు నీడ గురించి రెండు ముక్కలు రాస్తే ఇంకా ఎక్కువ మంది. వాళ్లలో కొందరు నిజంగానే బ్లాగుకు వచ్చి గండికోట వ్యాసం చివరిదాకా చదివారు. ఒకాయన అందులో ఒక తప్పు కూడా పట్టుకున్నాడు. తప్పు పట్టుకున్నందుకు అంత సంతోషపడింది నా జీవితంలో అదొక్కసారే.

అప్పటినుంచి నాకు అక్షరాల లెక్క పట్టుకుంది. బస్సు కిటికీ పక్కన కూర్చుని వాక్యాలు కత్తిరించేదాన్ని. మన గుడులూ కొమ్ములూ కూడా ఆ యాప్ విడివిడిగా లెక్కవేస్తుంది, చోటు ఇట్టే అయిపోతుంది. అయినా ఆ కత్తిరింపులో ఒక సుఖం ఉండేది. నేను బాగా రాస్తున్నానని అనుకున్నాను. అనుకోవడమేమిటి, గట్టిగా నమ్మాను.

ఎండలు ముదరకముందు ఒక ఆదివారం జమ్మలమడుగులో దిగి, ఆటోలో పెన్న ఒడ్డునున్న ఒక చిన్న పల్లెకు వెళ్లాను. ఏట్లో నీళ్లు లేవు. ఆ ఒడ్డునుంచి ఈ ఒడ్డుదాకా ఇసుకే. ఆ ఇసుక మధ్యలో ఒక ముసలామె వంగి, టెంకాయ చిప్పతో నీళ్లు తోడుతోంది. దగ్గరికి పోబోతే తల ఎత్తకుండానే అంది.

"చెప్పులు ఆడ ఇడిసి రా."

విడిచి వెళ్లాను. అది చెలమ. ఇసుకలో మోచేతి లోతుకు గుంత తీసి, అంచులు కూలకుండా అడుగు పగలగొట్టిన పాత కుండ దింపి ఉంచింది. లోపల నీళ్లు అద్దంలా ఊరుతున్నాయి. ఆమె మొదట తోడిన నీళ్లను పక్కనున్న చిన్న పల్లంలో పోసింది. నాలుగు మేకలు వచ్చి మూతులు పెట్టాయి.

"రేత్రంతా నిలబడిన నీళ్లు ఇవి. నోరులేనివాటికి పోయాల. తర్వాత ఊరినవి మనకు," అంది అవ్వ. దోసిలి పట్టమని నాకు పోసింది. అంత తియ్యటి నీళ్లు నేను ఎప్పుడూ తాగలేదు. వచ్చేటప్పుడు ఎండిన ముళ్లకంప లాగి చెలమ మీద కప్పింది. కుక్కలూ పందులూ మూతి పెట్టకుండా అట. తాగిన ప్రతివాళ్లూ కప్పిపోవాల్సిందేనట.

ఆమెకు ఆ నీళ్లు సరదాకు కాదు. ఇంట్లో ఆమె పెనిమిటికి పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. బాగా మెత్తగా ఉడికిన పప్పన్నం తప్ప ఏదీ మింగలేడు. బోరు నీళ్లలో కందిపప్పు ఎంతసేపు పెట్టినా ఉడకదు. క్యాన్ల ఆటో వారానికి రెండుసార్లు వస్తుంది కానీ ఆ నీళ్లు ఆయనకు పడవు, గుక్క వేసి ఉమ్మేస్తాడు. "ఈ చెలమ ఉండబట్టి ఆయప్ప నాలుగు ముద్దలు తింటాండాడు," అంది అవ్వ.

ఇదంతా బ్లాగులో రాశాను. చెప్పులు, మేకలు, ముళ్లకంప, పప్పు, ఏదీ వదలలేదు. చదివింది మళ్లీ ఆ పదిమందే. రెండు వారాలు చూసి, దానికోసం ఒక పొట్టి పోస్టు తయారు చేశాను. చిత్తులో ముళ్లకంప మాట ఉంది. చెప్పుల మాటా ఉంది. అన్నీ కలిపితే పరిమితి దాటింది. ఏదో ఒకటి తీసేయాలి. "వెండి పొడిలా మెరిసే ఇసుక" అన్నది తీసేయడానికి నాకు చేతులు రాలేదు. ముళ్లకంప తీసేశాను, అదీ చాలక చెప్పులూ తీసేశాను. పోస్టు ఇలా వెళ్లింది:

"పెన్నలో నీళ్లు లేవని ఎవరన్నారు? జమ్మలమడుగు దగ్గర వెండి పొడిలా మెరిసే ఇసుకలో మూరెడు తవ్వితే తేనెలాంటి ఊట! ఎవరూ చూడని ఈ అద్భుతాన్ని చూసి, దోసిలి పట్టి తాగి రండి."

కింద ఫోటో, లొకేషన్.

అది పాకిపోయింది. వేలమంది చూశారు. ఎవరెవరో తీసుకుని తమ పేజీల్లో వేసుకున్నారు. లెక్కల అమ్మాయి బడికంతా మిఠాయి పంచమంది. పంచాను కూడా.

నెల తరవాత మళ్లీ జమ్మలమడుగులో దిగాను. ఆటో ఆయన ఊరి పేరు వినగానే, "ఆ నీళ్ల గుంతకేనా మేడం? దినామూ పోతాండారు జనం," అన్నాడు. నా మొహం వెలిగిపోయి ఉండాలి. దోవ పొడుగునా ఆ పోస్టు రాసింది నేనేనని చెప్పాలని నోరు దురద పెట్టింది. ఎందుకో చెప్పలేదు.

ఏటి గట్టు దిగి చూశాను. ఇసుకలో బండి చక్రాల జాడలు, బూట్ల గుర్తులు, ఖాళీ సీసాలు, షాంపూ పొట్లాలు. కుండ పగిలి రెండు పెంకులు పైకి తేలాయి. చెలమ అంచులు కూలి, మురికి నురగ నిలిచి ఉంది. అవ్వ ఆ పక్కన గొంతుకూర్చుని పెంకులు ఏరుతోంది. నన్ను గుర్తుపట్టింది.

"మల్లా వచ్చినావా తల్లీ. చూసినావా. ఎవుడో ఫోన్లో పెట్టినాడంట. సబ్బు రుద్దుకుని స్నానాలు చేసినారు ఇందులో. రెండుసార్లు కొత్తగా తవ్వితి, రెండుసార్లూ తొక్కిరి. మా ఆయప్ప ఆరు దినాల నుంచి ఉత్త గంజి తాగి పండుకున్నాడు. ఆ పెట్టినోని చేతులు పడిపోను."

నేను తప్పించుకోవచ్చు. ఆమెకు చదువు రాదు, ఫోన్ లేదు. తొక్కింది నేను కాదు, సబ్బు రుద్దుకుంది నేను కాదు, తిలాపాపం తలా పిడికెడు అని మనసులో పంపకాలు కూడా వేసుకున్నాను. కానీ ఆ శాపం నా చేతుల మీదే పడినట్టు వేళ్లు చల్లబడ్డాయి. సిగ్గుతో చచ్చిపోయాను.

"పెట్టింది నేనే అవ్వా," అన్నాను.

ఆమె పెంకులు ఏరడం ఆపింది. "మొగోడనుకుంటి," అంది. తర్వాత పెంకులు ఒడిలోంచి కిందపోసి లేచింది. "అయితే కొంగు దోపుకో. తవ్వుదువు రా."

పాత చోటు ఇక పనికిరాదట, సబ్బు దిగింది. ఎగువకు యాభై అడుగులు నడిపించింది. పొద్దున్నే ఇసుక ఎక్కడ నల్లగా ఉంటే అక్కడ ఊట పైకి ఉంటుందని, ఆమె ముందే చూసిపెట్టుకుంది. నేను చేతులతో తవ్వడం, ఆమె అంచులు సరిచేయడం. పైన ఇసుక కాలుతోంది, లోపల చల్లగా ఉంది. గోళ్లలోకి ఇసుక దిగి మండింది. నల్లబల్ల మీద రాసే చేతికి ఆ పని కొత్త. ఒకసారి అంచు కూలితే అవ్వ "నిదానం" అంది తప్ప ఇంకేమీ అనలేదు. ఆమె తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

మేం తవ్వుతుండగానే కారులో మొగుడూ పెళ్లాం వచ్చారు. బూట్లతోనే ఇసుకలో దిగి మా వైపు నడిచారు. నా క్లాసు గొంతు బయటికి వచ్చింది. చెప్పులు గట్టు మీద విడిచి రావాలని గదమాయించాను. ఆయన పాపం మర్యాదస్తుడే, అక్కడే ఆగిపోయి ఫోన్ తీసి చూసుకున్నాడు.

"ఈ పోస్టులో అట్లాంటివేమీ రాయలేదు గదా మేడం," అన్నాడు.

నా పోస్టే. వాళ్లు బూట్లు విడిచి వచ్చారు, చూశారు, పోతూ పోతూ తమవి కాని సీసాలు కూడా నాలుగు ఏరుకుని పోయారు. చెబితే వినేవాళ్లేనన్నమాట. చెప్పనిది నేనే.

వాళ్లు పోయాక తడి చేతులతోనే ఫోన్ తీసి ఆ పోస్టు చెరిపేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. తీసుకుని వేసుకున్నవాళ్ల దగ్గర అది ఇంకా తిరుగుతూనే ఉంది.

మధ్యాహ్నానికి నీళ్లు ఊరాయి. మొదట బురదగా, తర్వాత తెల్లగా, తర్వాత ఏ రంగూ లేకుండా. మొదటి చిప్పలు మేకలకు పోశాం. తర్వాత అవ్వ బిందె నింపింది. నేను ముళ్లకంప లాక్కొచ్చి కప్పాను. అరచేతిలో ముల్లు విరిగింది.

అవ్వ నన్ను ఇంటికి తీసుకుపోయి పొయ్యి మీద పప్పు పెట్టింది. పెద్దాయన మంచం మీదినుంచి బిందె వైపే చూస్తున్నాడు. నేను గడప దగ్గర కూర్చుని కొత్త పోస్టు రాయడం మొదలుపెట్టాను. చెరిపేస్తే సరిపోదు, తిరుగుతున్న మాట వెనక ఇంకో మాట పోవాలి. రాసి చూస్తే సగం నా క్షమాపణే నిండింది, పరిమితి దాటింది. కొట్టేశాను. మళ్లీ రాశాను. మళ్లీ దాటింది.

"ఏందది అంతసేపు?" అంది అవ్వ. చెప్పాను. "ముందర రాసినావు గదా, అది సదువు."

చెరిపేసినా నాకు కంఠతా వచ్చు. చదివాను. నా గొంతులో ఆ వెండి పొడి, ఆ తేనె నాకే వెగటు పుట్టించాయి. అవ్వ గరిటె పట్టుకుని నిలబడి చివరిదాకా వింది.

"బాగుండాది. పాట మాదిరి ఉండాది," అంది. "నేను చెప్పిన మాటేది ఇందులో?"

"చోటు చాలలేదవ్వా."

"చోటా? నేనేమి రామాయణం చెప్తినా?" అని పొయ్యి వైపు తిరిగి, పప్పు మెదిపి ఎనుపుకుంటూ, ఊపిరికొకటిగా చెప్పింది. "చెప్పులు ఇడిసి రాండి. మొదటి నీళ్లు మేకలకు పోయండి. తాగినాక ముళ్లకంప కప్పండి. ఈ నీళ్లతో ఒక ఇంట్లో పప్పు ఉడకాల."

పాత ఫోటోనే పెట్టి, ఆమె చెప్పింది చెప్పినట్టే రాశాను. లొకేషన్ పెట్టలేదు. పప్పు మెత్తగా ఎనిగింది. ఆమె ముద్ద చేసి పెద్దాయన నోటికి అందిస్తుంటే నేను అక్షరాల లెక్క చూశాను. అన్నీ పట్టాయి. ఇంకా బోలెడంత చోటు మిగిలింది.