రాజుగారి ఎనిమిది పద్యాలు

నాటకాలకు పద్యాలు రాసి, వరసలు కట్టి బతికే రోజుల్లో ఒకసారి మార్కాపురం రోడ్డు స్టేషనులో గిద్దలూరు వైపు పోయే పొగబండి ఎక్కాను. బాణం దెబ్బ తిన్న రాజు రాణి ఎదుట ప్రాణం విడుస్తూ పాడే పద్యాలకు వరస కుదరడం లేదు. కళ్లు మూసుకుని రాగం తీస్తున్నాను.

"ఏంది నాయనా, కడుపునొప్పా?" అంటూ ఎదుటి బల్ల మీది అవ్వ కొంగుముడి విప్పి, నా చేతిలో వాము పోసింది. చెన్నపట్నంలో పతకాలు తెచ్చిన రాగానికి ఇక్కడ దక్కింది వాము!

అది నములుతూనే రాజు సంగతి చెప్పాను.

"బాణం దిగినాక ఎన్ని పాడతాడు?"

"ఎనిమిది పద్యాలవ్వా."

అవ్వ పడీ పడీ నవ్వింది. పెట్టెలో అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

చివరికి కళ్లు తుడుచుకుని అంది: "మాది పుల్లలచెరువు పక్క నాయనా. బావి శానా దూరం. మా ఆయన నీళ్లడిగినాడు. నేను కడవతో వచ్చేలోపల పోయినాడు. నీ రాజునన్నా పాడనీలే. ఆ రాణి నీళ్లు తేవద్దా?"

తరవాత పద్యాలు తగ్గించమని నాటకం ఆడించే కంట్రాక్టరు ఎంత పోరినా ఒక్కటీ తగ్గించలేదు. మొదటి పద్యం కాగానే రాణిని మాత్రం నీళ్లకు పంపాను. ఎనిమిదో పద్యం సగంలో ఆమె చెంబుతో వస్తుంది. రాజు రాగం ఆపి, నీళ్లు తాగి, ఆ తరవాతే పోతాడు.