ఒకే గుడ్డలో నాలుగు ప్లగ్గులు

నా చిన్నప్పుడు నాకు అన్నిటికన్నా అసూయ పుట్టించిన వస్తువు ఒక పల్చటి స్టీలు రేకు. స్పార్క్ ప్లగ్గు కొసన ఉండే సన్నని ఖాళీలో దాన్ని దూర్చి, గ్యాప్ సరిగా ఉందో లేదో చూస్తారు. కొత్తవాడలో మా చిన్నమామ తన పాత కారు ప్లగ్గులు విప్పిన ప్రతిసారీ ఆ రేకు అన్నకే ఇచ్చేవాడు. అన్న అంటే మా పెద్దమ్మ కొడుకు. "వాని చెయ్యి నిలకడ" అని మామ ఒకసారి అన్న మాట నాకు చాలా రోజులు గుచ్చుకుంది. అన్నకు నాకన్నా ఎక్కువ ఉన్నవి నా లెక్కలో రెండే: వయసు, మామ దగ్గర చనువు.

తొర్రూరులో పెళ్ళికి బయలుదేరాల్సిన పొద్దున కారు మొరాయించింది. మామ నాలుగు కొత్త ప్లగ్గులు తెచ్చాడు. నా ముఖం చూశాడేమో, ఈసారి చెరి రెండు ఇచ్చాడు. కొత్తవాటికైనా గ్యాప్ చూడాల్సిందే. ఎక్కువుంటే వంకర కొసను మెల్లగా తట్టాలి, తక్కువుంటే కొంచెం ఎత్తాలి. రేకు కాస్త పట్టి పట్టి జారాలి. చేతులు నా ప్లగ్గుల మీద ఉన్నా, నా కళ్ళు అన్న వేళ్ళ మీదే ఉన్నాయి. వాడు తప్పు చేయాలి, అది మామ చూడాలి. ఆ పొద్దున నాకు కావలసింది అంతే.

పని అయ్యాక నావి, అన్నవి కలవకుండా విడివిడిగా పెట్టాను. మామ వచ్చి నాలుగింటినీ ఒకే తుడుపు గుడ్డలో వేసి, మూటగట్టి, వరసగా తీసి బిగించేశాడు.

ఇంజిన్ అంటుకుంది గానీ కుంటుతూ నడిచింది. మామ ఒక్కో ప్లగ్గు వైరు లాగుతూ చప్పుడు విన్నాడు. మూడోది లాగినా చప్పుడు మారలేదు. అంటే ఆ ప్లగ్గు పనిచేయడం లేదు. విప్పి చూస్తే గ్యాప్ దాదాపు మూసుకుపోయి ఉంది.

"అన్నదే మామా. గట్టిగ కొట్టిండు, నేను చూసిన" అన్నాను.

"నావి చూసుకుంట కూసుంటే నీవి ఎప్పుడు చేసినవ్‌రా?" అన్నాడు అన్న.

వెనక సీట్లో పట్టుచీరలో కూర్చున్న అమ్మమ్మ తల బయటికి పెట్టింది. "నన్ను పెండ్లికి తోల్కపోతరా, పెండ్లయినంక తోల్కపోతరా?"

"ఎవలదైతే ఏందిరా, కుంటుతాంది మన బండే" అని మామ ప్లగ్గు నా చేతిలో, రేకు అన్న చేతిలో పెట్టి పక్కకు జరిగాడు.

నేను కొస ఎత్తాలి, అన్న కొలవాలి. నా చెయ్యి వణికింది. "మణికట్టు మోకాలు మీద ఆనియ్యి" అని అన్న మెల్లగా చెప్పాడు. వాడి నిలకడ అదేనని అప్పుడు అర్థమైంది. అంత చిన్న కిటుకుకా నేను ఇన్నాళ్ళు కుమిలింది అనుకుంటే ఇంకాస్త మండింది కూడా. అయినా ఆనించాను. రేకు జారింది. తలంబ్రాల కంటే ముందే అమ్మమ్మను తొర్రూరులో దించాం.

ఇప్పుడు నా ఉద్యోగమే యంత్రాలతో. ఏదైనా ఆగిపోతే ఎవరు చేశారని అడగకముందు ఏది చెడిందో వెతుకుతాను. ఏవి ఎవరివో తేలకూడదని మామ ఆ ప్లగ్గులను కావాలనే కలిపాడని కూడా ఇప్పుడు తెలుసు. అసూయ పోయిందని మాత్రం చెప్పలేను. పక్కవాడి పని బాగుందని ఎవరైనా అంటే ఇప్పటికీ లోపల చురుక్కుమంటుంది. అప్పుడు లేచి వాడి దగ్గరికి పోయి, ఎలా చేశావని అడుగుతాను.