చిటికెన వేలు జారితే

మొన్న పొద్దున మా పాత ఆఫీసుల పనిచేసిన ఒకాయన ఫోన్ చేసి, "అన్నా, టైపక్క పోయింది" అన్నడు. "ఎప్పుడు?" అన్న. "తెల్లారంగ" అన్నడు.   ఫోన్ పెట్టేసిండు.

ఇప్పటోళ్లకు ఆమె తెల్వది. డెబ్బైలల్ల మా బాయి మీద పనిచేసిన వాళ్లకు తెలుసు. గోదావరిఖనిల గనిని బాయి అంటం. మా బాయిలకు ఏటవాలు దారిల నడిచే దిగుతరు. మా బాయి ఆఫీసుల తెలుగు టైపు మిషను ముందట కూసున్న మొదటి మనిషి ఆమె, అందుకే టైపక్క. నేను జవాన్ను. ఆమె కొట్టిన కాయితాన్ని మైదా గంజితోని బోర్డుకు అంటించుడు నా పని. నాకు రాసుడు అలవాటు లేదు. ఊరి బడిల ఐదు దాకనే చదివిన. మాట్లాడుడు అంతకన్న తక్కువ. అయినా ఆమె గురించి రాయకుంటే మనసు ఊకుంటలేదు.

ఆమె పెనిమిటి మా బాయిలనే బొగ్గు కొట్టేటోడు. రూఫు కూలి పోయిండు. ఆ రోజు లోపలికి పోవద్దని బోర్డు మీద కాయితం ఉండెనట, ఇంగ్లీషుల. చదివెటోడు లేక దిగిండ్రట. నిజమో కాదో నాకు తెల్వది. ఆమె మాత్రం నిజమనే నమ్మింది. ఆయన జాగల ఆమెకు పనిచ్చిండ్రు. మొదలు ఆఫీసు ఊడ్సుడు, కుండలు నింపుడు. కొన్నేండ్లకు నోటీసులు తెలుగుల ఉండాలెనని ఆర్డరు వచ్చింది. మిషను వచ్చింది గని కొట్టెటోళ్లు లేరు. "నేను ఏడు చదివిన సార్, నేర్చుకుంట" అన్నదట. బజార్ల ఉన్న ఇన్‌స్టిట్యూట్‌కు పొద్దుగాల పోయి నేర్చుకున్నది. ఇంట్ల మిషను లేదు. అరుగు మీద సుద్దతోని మీటలు గీసుకొని, వాటి మీద వేళ్లు ఆడిచ్చేది. వానొస్తే తుడ్సుకపోయేది. మల్ల గీసేది.

నన్ను "తమ్మీ" అనేది. ఏ కాయితం కొట్టినా నాతోని ఒకసారి పైకి చదివిచ్చేది. నేను కూడబలుక్కుంట చదువుతుంటె కండ్లు మూసుకొని వినేది. "ఇగ అంటియ్" అంటేనే నేను లేవాలె.

ఆ మొదటి మిషను ఇనుప పెట్టె లెక్క ఉండేది. మీటలు బిర్రు. సాయంత్రానికి ఆమె మణికట్టు వాసేది. టేబుల్ ఎత్తు, కుర్చీ పొట్టి. భుజాలు చెవుల కాడికి వచ్చేవి. మా బావ ఒకనాడు అది చూసిండు. ఆయన బాయిల కట్టె దిమ్మెలు నిలబెట్టే పని చేసేటోడు, నోరు ఊకుండదు. మిగిలిన కట్టెతోని ఒక పలక కోయించి కుర్చీల ఏసిండు.

"మాకు రూఫు ఆపే కట్టె అక్కా ఇది. నీకు పీట అయింది. ఇగ నువ్వు కూలవు" అన్నడు.

"నీ నోరు కూల" అన్నది ఆమె. నవ్వింది. ఆ పలక మీద కూసున్నంక మోచేతులు సమంగ వచ్చినయి, వాపు తగ్గింది. స్పీడు గూడ పెరిగింది. వేలు అదే, మిషను అదే, కూసునే ఎత్తు మారింది, అంతే. నేను వింతగ చూసిన.

తర్వాత కొత్త మిషను వచ్చింది. అమ్మవచ్చిన మనిషి దాన్ని పొగిడిందే పొగిడిండు. మీటలు మెత్తగున్నయి, తక్కువ ఉన్నయి, వేలు దూరం పోవుడు లేదు, స్పీడు రెండింతలు అయితది అన్నడు. నిజమే, మెత్తగనే ఉన్నయి. కాని మీటలు తక్కువ చేసుడంటె ఏంది? ఒక్కొక్క మీట మీద రెండు అక్షరాలు కూసోబెట్టుడు. కింది అక్షరం ఊకె కొడితే పడ్తది. మీది అక్షరం పడాలంటె ఎడమ చిటికెన వేలుతోని షిఫ్టు మీట వత్తి పట్టుకోవాలె. అది వత్తితే పైన కాయితం చుట్టుకున్న క్యారేజి మొత్తం లేస్తది. ఆ బరువంత చేతుల అన్నిటికన్న బలహీనమైన వేలు మీదనే.

మా బావ ఊకుంటడా? "మాకు మూడు షిఫ్టులు. అక్కకు ఒక్కటే షిఫ్టు, అది గూడ చిటికెన వేలుకు" అన్నడు. బాయి మీద అందరు అదే మాట అనవట్టిరి.

ఆమె నవ్వలే. నన్ను పిలిచి మిషను చూపిచ్చింది.

"తమ్మీ, చ ఏడున్నది చూడు. దాని మీద ఏమున్నది?"

"ద."

"ఒత్తులు చూడు."

అవి గూడ అంతే. చ ఒత్తు కింద, ద ఒత్తు మీద, ఒకటే మీట. పాత మిషనుల చ ఒక చేతికి, ద ఇంకొక చేతికి ఉండేవి. ఆమె ఒక కాయితం ఎక్కించి, ద కాడల్ల షిఫ్టు పట్టుకొని 'దిగవద్దు' అని కొట్టింది. తర్వాత చివరి 'ద్దు' కాడ మాత్రం షిఫ్టు వదిలి అవే మీటలు కొట్టింది. 'దిగవచ్చు' అని పడ్డది.

"వేలు సగం జారితే అక్షరం గాలిల వేలాడ్తది, తప్పని కనబడ్తది" అన్నది. "మొత్తం జారితేనే భయం. తప్పు అక్షరం పడితే ఎవలన్న పట్టుకుంటరు తమ్మీ. ఇది తప్పు పడినా మంచి మాటే అయితది."

ఆ రోజునుంచి ఆమె స్పీడు పడిపోయింది. హెడ్ క్లర్కు గారు కోస్తా దిక్కు మనిషి. మంచోడే గని భయస్తుడు. "కొత్త మిషన్ ఇప్పిస్తే ఇంకా నెమ్మదిగా కొడుతున్నావేంటమ్మా?" అన్నడు.

"స్పీడంటె వేలు ఉరుకుడు కాదు సార్, వేలుకు భయం లేకపోవుడు" అన్నది ఆమె. తర్వాత మెల్లగ అడిగింది. "సార్, వద్దు అనే మాట కొట్టను. 'పని బంద్' అని కొడత. అందరికి తెలుస్తది. ఏ వేలు జారినా అది ఇంకొక మాట కాదు."

ఆయన మొఖం తెల్లవడ్డది. "బంద్ అని మనమే బోర్డు మీద పెడితే సమ్మె అనుకుంటారమ్మా! నా ఉద్యోగం పోతుంది. వద్దు. 'దిగవద్దు' అనే కొట్టు."

 ఆమె చిటికెన వేలుకు గుడ్డపీలిక చుట్టుకొని కొట్టేది. వద్దు అనే మాట వచ్చిందంటె పెదవి కొరుక్కునేది. ఆ మాట కాడ మిషను సప్పుడు మారేది. నేను బయట స్టూలు మీద కూసున్నా, సప్పుడును బట్టి లోపల ఏ మాట పడ్తున్నదో చెప్పెటోణ్ని. 

ఒకనాడు రెండో షిఫ్టు ముందట అండర్ మేనేజర్ బాయి లోపల్నుంచి బొగ్గు మొఖంతోనే ఆఫీసులకు వచ్చిండు. బొగ్గు తీసి ఖాళీ చేసిన జాగల రూఫు పటపట అంటున్నదట. రెండో షిఫ్టు ఎవ్వరు లోపలికి దిగవద్దని చేతిరాత కాయితం ఇచ్చి, పెద్దాఫీసుకు చెప్తనని జీపెక్కి పోయిండు. షిఫ్టోళ్లకు నోటితోని చెప్పే ఓవర్‌మన్ ఆ రోజు లీవు. ఇగ ఆ కాయితమే దిక్కు.

"జల్ది, అమ్మా, జల్ది" అని హెడ్ క్లర్కు గారు నెత్తి మీద నిలబడ్డడు. ఆమె కొట్టి నాకిచ్చింది. నేను చదువుడు మొదలువెట్టిన. అప్పుడే సైరన్ కూసింది. ఆఫీసు కిటికీలు అదిరినయి. నేను చదువుతనే ఉన్న, నా మాట నాకే ఇనబడలే. ఆమె నా పెదవులు చూసి తల ఊపింది. నేను పోయి అంటించిన.

ఆ కాలంల చదివెటోళ్లు కొంతమంది ఉండిరి. ఒకడు బోర్డు చూసి "దిగవచ్చునట" అన్నడు. "దిగవచ్చునని చెప్తరా? రోజు దిగుతనే ఉన్నం గద" అని ఇంకొకడు నవ్విండు. టోపీ దీపాలు పెట్టుకొని వరుసగ నడిచిండ్రు. వాళ్లల్ల మా బావ ఉన్నడు.

ఆఫీసుల ఆమె కార్బన్ కాపీ ఫైలుల పెడ్తున్నది. నేను గడప కాడ ఉన్న. ఆ కాయితం చూసి ఆమె ఒక సప్పుడు చేసింది. ఏడుపు కాదు, కేక కాదు. ఆ సప్పుడు నేను మల్ల ఎన్నడు వినలే.

ఉరికింది. మొగడి శవం పైకి తెచ్చిన రోజునుంచి ఆమె బాయి మొఖం దిక్కు పోలే. ఆడోళ్లు ఆడికి రావద్దని మావోళ్లు గూడ అనేటోళ్లు. నేను ఎనుక ఉరికిన. "దిగొద్దు, దిగొద్దు" అని మొత్తుకుంట పోతున్నది. బొగ్గు టబ్బులు లాగే ఇంజను సప్పుడుల ఎవ్వరికి ఇనబడ్తలేదు. అప్పుడు రెండు చేతులు పైకెత్తి "బంద్! బంద్!" అని మొత్తుకున్నది.

ఆ ఒక్క మాట ఇనబడ్డది. వరుస ఆగింది.

"బందట రా!"

"ఎవలు పిలిచిండ్రు?"

"ఎవలైతేంది, కూసో!"

మా బావ అప్పటికే నాలుగడుగులు లోపలున్నడు. ఎనుకకు తిరిగి, "ఏ జెండా అక్కా?" అన్నడు.

ఆమెకు ఊపిరి అందుతలేదు. "నా జెండా. అందరు బయట కూసోండ్రి" అన్నది.

అందరు నవ్విండ్రు. లోపలికి పోయినోళ్లకు ఒకరి ఎనుక ఒకరు "బంద్, బంద్" అని మాట అందిచ్చుకున్నరు. దూరంగ ఉన్న దీపాలు ఆగినయి, తిరిగినయి, మెల్లగ పైకి వచ్చినయి. ఎండల కూసొని బీడీలు ముట్టిచ్చిండ్రు. టిఫిన్లు ఇప్పిండ్రు. ఆమె మాత్రం కూసోలే. బయటికి వచ్చిన ఒక్కొక్కల మొఖం చూసుకుంట నిలబడ్డది.

బీడీలు అయిపోకముందే భూమి కదిలినట్లయింది. లోపల ఉరిమింది. కాళ్లల్లకెళ్లి వచ్చింది ఆ ఉరుము. తర్వాత బాయి నోట్లకెళ్లి గాలి కొట్టింది, వేడిగ, నల్లగ. టిఫిన్లల్ల అన్నం నల్లవడ్డది.   మా బావ నోరు మూతవడ్డది నేను చూసింది ఆ ఒక్కనాడే.

పెద్దాఫీసు నుంచి మెమో వచ్చింది. బంద్ అని చెప్పి పని ఆపిచ్చినందుకు సంజాయిషీ ఇయ్యాలెనట. నోటీసు తప్పు పడ్డదని రాస్తే ఎవల మెడకో చుట్టుకుంటదని, ఆ సంగతి ఎవ్వరు ఎత్తలే. చివరికి హెచ్చరిక కాయితం ఇచ్చి వదిలేద్దామన్నరు. కొట్టాలంటె తెలుగు టైపు వచ్చిన మనిషి ఇంకొకరు లేరు. తన హెచ్చరిక తానే కొట్టుకున్నది. హెడ్ క్లర్కు గారు తలకాయ వంచుకొని చెప్తుండు, ఆమె కొడ్తున్నది. సంతకం అయినంక నేను చదివిన. "ఇకముందు ఇట్లు చేయవచ్చు" అని ఉన్నది. ఆమె దిక్కు చూసిన. మిషను మీద గుడ్డ కప్పుతున్నది. వేలు జారిందో, జారనిచ్చిందో నేను అడగలే.

అది నవ్వే ముచ్చటే. తర్వాత జరిగింది నవ్వేది కాదు. బాయి మీద కాయితాన్ని నమ్ముడు పోయింది. ప్రతి షిఫ్టుకు ముందు మనుషులు ఆఫీసు కిటికీ కాడికి వచ్చెటోళ్లు. చదువు రానోళ్లు, వచ్చినోళ్లు, అందరు. ఊసలు పట్టుకొని, "అక్కా, దిగాల్నా?" అని అడిగెటోళ్లు. లోపల రూఫు సంగతి ఆమెకేం ఎరుక? ఆమెకు తెలిసింది కాయితమే. "దిగుండ్రి" అని ఆమె నోట ఎన్నడు రాలే. "వద్దని లేదు" అనేది. అంతే. మనిషి ఎండుకపోయింది. "అందరు నా నోరు దిక్కు చూస్తరు తమ్మీ. బాయి నన్ను అడిగి కూలుతదా?" అన్నది ఒకనాడు.  

మా బావ ముసలోడయి, మంచంల పోయిండు. మా అక్క పిల్లలు తండ్రిని చూసుకుంట పెరిగిండ్రు. అది ఆమె ఇచ్చిందే. ఆ మాట ఆమెతోని అనాలని ఎన్నోసార్లు అనుకున్న. నాకు మాటలు రావు.

కండ్లు మూస్తే ఆ కిటికీయే కనబడ్తది. ఎండపూట గూడ ఎలిగే టోపీ దీపాలు, ఊసల నడుమ మొఖాలు. "వద్దని లేదు" అని ఆమె చెప్తది. వాళ్లు కిటికీ వదిలి ఒక్కొక్కరు బాయిలకు దిగుతరు. చివరి దీపం లోపలికి పోయేదాక ఆమె మిషను మీద చేతులు పెట్టదు. దీపం పోతది. చీకటి నోరు ఒక్కటే ఉంటది. ఆమె చేతులు ఒళ్లనే ఉంటయి.